బావ గదికి రెండో లైను

ఆఫీసులో అందరూ అతన్ని రెండోలైను అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంది, అక్కడే ఉండిపోయింది. ఎక్కడికెళ్లినా అతను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఈ లైను పోతే రెండోది ఏది?" కొత్త బిల్డింగు చూపించినా అదే, టీ కొట్లో బెంచీ మీద కూర్చున్నా అదే. కరెంటు తీగ ఎటునుంచి వస్తోందో, ఇంటర్నెట్ తీగ ఏ గోడలోకి దూరిందో చూసుకుని గానీ గ్లాసు ముట్టుకోడు.

ఇంట్లో ఇంకా ఘోరం. టార్చిలైట్లు రెండు. తాళంచెవులు రెండు జతలు. గోడ గడియారం పక్కన ఇంకో గోడ గడియారం. రెండూ ఒక్క టైము చూపించవు కాబట్టి ఆ ఇంట్లో టైమెంతో ఎవరికీ తెలియదు. "అన్నిటికీ రెండోది పెట్టుకున్నాడమ్మా, నాకే ఇంకా పెట్టలేదు," అంటుంది అతని భార్య పక్కింటావిడతో. పక్కింటావిడ పడీ పడీ నవ్వుతుంది. అతను నవ్వడు. "ఒక్క లైనుకే సిగ్నలు అందక చస్తున్నా," అని గొణుక్కుంటూ చెప్పులేసుకుంటాడు.

అతని కంపెనీ పని మెషిన్ గదులు చూసుకోవడం. ఆసుపత్రులకీ కాలేజీలకీ రిపోర్టులు నడిపే సర్వర్లు ఒక గదిలో పేర్చి, ఏసీ వేసి, తాళం పెట్టేస్తారు. వాటిని నడిపేవాళ్లు ఎక్కడో దూరంగా ఆఫీసులో కూర్చుంటారు. సర్వరు మొరాయిస్తే దూరం నుంచే దాన్ని పడుకోబెట్టి మళ్లీ లేపడానికి ప్రతి గదిలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. కన్సోల్ పెట్టె అంటారు. సర్వర్లన్నిటి వీపులకీ దాని తీగలు తగిలించి ఉంటాయి. చిక్కేమిటంటే, ఆ పెట్టె కూడా ఆఫీసుతో మాట్లాడేది అదే ఇంటర్నెట్ లైను మీద. లైను తెగితే ఆఫీసు కంటికి సర్వరూ గల్లంతే, సర్వరుని లేపాల్సిన పెట్టె కూడా గల్లంతే. అందుకని పెట్టెకి విడిగా ఒక మోడెమ్, మోడెమ్‌లో ఒక సిమ్ము, గోడకి ఒక యాంటెనా. పెద్ద లైను పోతే పెట్టె తనంతట తానే ఈ చిన్న దారిలోకి మళ్లాలి. మళ్లేలా చేయడమే రెండోలైను ఉద్యోగం.

ఇదివరకు ఈ చిన్న దారి లేదు. దాని బదులు మనిషి ఉండేవాడు. ప్రతి గదికీ ఒక కాపరి. లైను పోయి ఆఫీసు నుంచి ఫోన్ వస్తే, లేచి వెళ్లి, తలుపు తీసి, చెప్పిన మెషిన్‌కి చెప్పిన బటన్ నొక్కేవాడు. అంతే పని. ఆ ‘అంతే’ కోసం ఆ మనిషి గేటు దాటకూడదు. పెళ్లిళ్లకీ పోకూడదు, చావులకీ పోకూడదు.

ఇప్పుడు ఏ గదికి రెండో లైను పడితే ఆ గదిలో కాపరి పోస్టు ఎగిరిపోతోంది. కుర్రాడిలా టూల్స్ బ్యాగు భుజానికేసుకుని ఇతను లోపలికి వెళ్తాడు, కొన్నాళ్లకి లోపలున్న మనిషి సామాన్లు సర్దుకుని బయటికి వస్తాడు. ఇతను దాన్ని గురించి ఆలోచించకుండా ఉండటం నేర్చుకున్నాడు. పని చేయడం, టెస్టు చేయడం, కాపరి మొహంలోకి చూడకుండా బస్సెక్కడం. చాలాకాలం అలాగే నెట్టుకొచ్చాడు. నెట్టుకొచ్చేసరికి గదులన్నీ అయిపోయి ఒక్కటి మిగిలింది.

అది బావ గది.

బావ అంటే అక్క మొగుడు. చదువు అబ్బక, పని దొరక్క, పొద్దస్తమానం మంచానికి అతుక్కుని పడుకున్న రోజుల్లో ఇతన్ని చొక్కా పట్టుకుని లేపినవాడు బావే. "లే. మంచం కోళ్లకి బోలెడు అలుపొచ్చింది, పాపం," అని చెప్పి, తనతో పాటు తీగలు లాగే పనికి తీసుకుపోయాడు. వైరు తోలు ఒలవడం, లోపలి రంగుల తీగల్ని వరస తప్పకుండా దువ్వడం, చివర క్లిప్పు పెట్టి నొక్కడం అన్నీ బావ చేతి కిందే నేర్చుకున్నాడు. వరస తప్పితే నెత్తి మీద ఒక్కటిచ్చేవాడు. తప్పకపోతే ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడమే మెచ్చుకోలు.

తర్వాత ఇతను కంప్యూటర్ ముందు కూర్చునే పనికి ఎక్కాడు, బావ కాపరి పనిలో దిగాడు. కారణం ఆ గది వెనకున్న రెండు గదులు. కాపరి పోస్టుతో పాటు కాపరం పెట్టుకోవడానికి కంపెనీ ఇచ్చిన గదులు. ఒక దాంట్లో వంట, ఒక దాంట్లో పడక. పడకగదికీ మెషిన్ గదికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ ఇరవైనాలుగు గంటలూ సన్నగా గురక పెడుతూ ఉంటుంది. అక్క ఒకసారి తమ్ముడి ఇంటికొచ్చి తెల్లవార్లూ దొర్లింది. "నిద్ర పట్టలేదేంటక్కా?" అంటే, "మీ గోడ ఉలకదు పలకదు. శవం పక్కన పడుకున్నట్టుందిరా," అంది.

ఆ గది వంతు వచ్చినప్పుడు ఆఫీసులో మేడమ్ ఇతన్ని పిలిచింది. మేడమ్ ఇతని పై అధికారి. గొంతు పెంచదు, కానీ ఎవరు ఏ సెట్టింగు ఎందుకు అలా పెట్టారో ఒక్క చూపులో చెప్పేస్తుంది.

"మీ బావగారి గది కదా. వేరే ఎవరినైనా పంపనా?"

"వద్దు మేడమ్. నేనే వెళ్తా."

"వానలు తగ్గేదాకా ఆయన్ని ఉండనిద్దాం. ఈలోపు నిజంగా లైను పోయి, పెట్టె తనే దారి మారిందనుకోండి, ఇక మన చేతుల్లో ఏం లేదు. మారలేదనుకోండి, అక్కడ మనిషి ఉండాల్సిందేనని పెద్దసారుకి నేనే చెప్తాను."

మామూలుగా అన్న మాట అది. ఇతని చెవిలో మాత్రం ముల్లులా దిగి విరిగింది. మారకపోతే మనిషిని ఉంచుతారు.

బావ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. గేటు ముందు రోడ్డంతా తవ్వి పోశారు. గోతుల మీద వాలుగా చెక్కలు, కర్రలకి ఎర్రగుడ్డలు, అవతల మట్టి తవ్వే మెషిన్ ఒకటి తొండం ముడుచుకుని నిలబడి ఉంది.

"రావోయ్ రా. కొంపకి నిప్పంటించడానికి వచ్చినవాడివి, అగ్గిపెట్టె తెచ్చుకున్నావా, మీ అక్కని అడగమంటావా?"

"బావా..."

"ఏంట్రా ఆ మొహం? సరదాగా అన్నాలే. చెప్పులక్కడ విప్పు. దుమ్ము లోపలికొస్తే నా పిల్లలకి దగ్గొస్తుంది."

పిల్లలంటే సర్వర్లు. వాటికి పేర్లు కూడా పెట్టాడు. మాటిమాటికీ ఆగిపోయేది సోమరిది, ఫ్యాను కీచుమనేది ఏడుపుగొట్టుది. గదిలోకి వెళ్లగానే బావ ఒక్కొక్కదాని వెనక అరచెయ్యి పెట్టి వేడి చూసుకున్నాడు, పిల్లల నుదురు చూసినట్టు. ఏసీ చలికి అందరూ వణుకుతారు, బావ మాత్రం మోచేతులు చిరిగిన స్వెట్టరు తొడుక్కుని తన ఇంట్లో తిరిగినట్టు తిరుగుతాడు. తన ఇల్లే మరి.

అక్క టీ తెచ్చింది. తమ్ముడు ఏం పని మీద వచ్చాడో ఆమెకి తెలుసు. తెలిసి కూడా కుర్చీ కొంగుతో తుడిచి కూర్చోమంది. "చిక్కిపోయావేంట్రా," అంది. గ్లాసు చేతికిచ్చి వంటగదిలోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఇతనికి.

మోడెమ్ బిగించడం అయింది. యాంటెనాకి మాత్రం సిగ్నలు అందలేదు. గోడకి పెట్టి చూశాడు, తలుపు మీద పెట్టి చూశాడు, పైకప్పు దగ్గర పెట్టి చూశాడు. మెషిన్ గది గోడలు మందం, ఒక్క గీత కూడా రాలేదు. అలా చూస్తూ నిలబడ్డ బావ కాసేపటికి చెయ్యి చాపాడు.

"ఇటివ్వు. మెట్ల మలుపులో కిటికీ ఉంది. నేను ఎవరితోనైనా ఫోన్ మాట్లాడాలంటే అక్కడికే పోతా. అక్కడ బ్రహ్మాండంగా వస్తుంది."

నిజంగానే వచ్చింది. తన పోస్టు ఊడగొట్టే తీగకి దారి తనే చూపించి, స్టూలెక్కి మేకులు కూడా తనే కొట్టాడు బావ. ఇతను కింద నిలబడి మేకులందించాడు.

తలుపు పైన చిన్న తెల్ల బిళ్ల అతికిస్తుంటే బావ అడిగాడు: "ఇదేంటి?"

"తలుపు తెరిస్తే, మూస్తే అక్కడ ఆఫీసులో తెలుస్తుంది బావా. వేడి ఎంతుందో కూడా తెలుస్తుంది."

"అంటే నేను దొడ్డికెళ్లినా నీకు తెలిసిపోతుందన్నమాట."

"ఈ తలుపులోంచి వెళ్తే తెలుస్తుంది."

"ఖర్మరా బాబూ. మీ అక్కే నయం, అడిగాకైనా నమ్ముతుంది."

ఇద్దరూ నవ్వారు. అంతసేపూ అదొక్కటే నవ్వు.

చివరికి సెట్టింగుల దగ్గరికి వచ్చింది పని. ఇక్కడ ఒక కిటుకు ఉంది. లైను పోయిందని పెట్టెకి ఎలా తెలుస్తుంది? పెట్టె తీగ పక్కనే గోడకున్న, గదిలో ఇంటర్నెట్ పంచే స్విచ్చు డబ్బాలోకి పోతుంది. ఆ తీగ తగిలి ఉన్నంతసేపూ పెట్టె మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. బయట రోడ్డు మీద అసలు లైను తెగి మట్టిలో కలిసినా సరే, ఈ పచ్చ లైటు ఆరదు. దాన్ని చూసుకుని పెట్టె దారి బాగానే ఉందనుకుని కదలకుండా కూర్చుంటుంది. అందుకే దానికి ఇంకో పని అప్పజెప్పాలి. దూరంగా ఆఫీసులో ఉన్న ఒక మెషిన్‌ని ఆగాగి పలకరిస్తూ ఉండాలి. ఉన్నావా? ఉన్నావా? జవాబు రాలేదంటే దారి మార్చాలి. దానికి సెట్టింగుల్లో ఒక గడి ఉంటుంది. టిక్కు పెడితే పలకరిస్తుంది, లేకపోతే లేదు.

ఇతను అన్ని గదుల్లోనూ ఆ టిక్కు పెట్టాడు. ఒక్కచోట కూడా మర్చిపోలేదు. ఇక్కడ మాత్రం వేలు మౌస్ మీద ఆగింది.

గేటు ముందు తొండం ముడుచుకున్న మెషిన్ కళ్లముందు ఆడింది. అది ఇవాళో రేపో ఈ లైను తెంపుతుంది. తెంపినప్పుడు పెట్టె మారదు. ఆఫీసు వాళ్లు బావకి ఫోన్ చేస్తారు. బావ లేచి వెళ్లి బటన్ నొక్కుతాడు. మనిషి ఉండాల్సిందేనని మేడమ్ చెప్తుంది. గురక పెట్టే గోడ పక్కనే అక్క నిద్రపోతుంది. ఒక్క టిక్కు. పెట్టకపోతే చాలు.

పెట్టలేదు.

టెస్టు మామూలుగానే జరిగింది. అందరూ చేసే టెస్టు: పెట్టె వెనక తీగ పీకి చూడటం. తీగ పీకితే పచ్చ లైటు ఆరుతుంది కాబట్టి ఆ టెస్టు ఎప్పుడూ నెగ్గుతుంది. స్పీకరు ఫోన్లో మేడమ్ అవతల్నించి "చిన్న లైను మీద పెట్టె కనపడుతోంది, సరే," అంది. ఫోన్ ఇంకా పెట్టలేదు, అప్పుడే బావ దగ్గరికొచ్చి అడిగాడు.

"నిజంగా పనిచేస్తుందంటావా? నేనిక గేటు దాటొచ్చా?"

అవతల మేడమ్ వింటోంది.

"పనిచేస్తుంది బావా."

"నువ్వు పెట్టావంటే పనిచేస్తుందిలే," అన్నాడు బావ. నెత్తి మీద కొట్టలేదు. ఏమీ అనలేదు.

అసలు సంగతి బావకి తర్వాత చెబుదామనుకున్నాడు. బస్సెక్కాక ఫోన్ చేసి చెబుదామనుకున్నాడు. ఫోన్ తీశాడు కూడా. చెబితే బావ ఊరుకోడు, వెంటనే వచ్చి సరిచెయ్యమంటాడు. ఆ మనిషి తత్వం అది. చెప్పకపోతేనే మంచిదని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బావ ఎప్పుడైనా గేటు దాటితే కదా. ఇన్నేళ్లలో దాటనివాడు ఇప్పుడెందుకు దాటుతాడు?

తొండం మెషిన్ తన పని తను చేసింది. ఒక వానపట్టిన పొద్దున ఆఫీసు గోడ మీద పెద్ద స్క్రీనులో బావ గది గుర్తు ఎర్రబడింది. లైను తెగింది. సోమరిది అదే అదనుగా ముడుచుకు పడుకుంది. చిన్న లైను మీద ప్రయత్నించారు. పెట్టె ఉలకలేదు. అది తన పచ్చ లైటు చూసుకుంటూ కూర్చుంది.

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ క్షణంలో రెండోలైనుకి లోపల సంతోషం వేసింది. "బావకి ఫోన్ చెయ్యండి. ఒక్క నిమిషంలో లేపేస్తాడు," అన్నాడు పక్క కుర్చీ వాడితో, గొంతులో గర్వం దాచుకోకుండా.

ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశారు. మళ్లీ ఆగింది. ఈసారి ఇతను చేశాడు. బావకి, అక్కకి, మళ్లీ బావకి. చెవిలో మోత తప్ప మనిషి గొంతు లేదు. అప్పటికి, ఆ గదికి విడిగా తమ సొంత తీగ వేసుకున్న ఆసుపత్రి వాళ్లు ఆఫీసుకి ఫోన్లు మొదలుపెట్టారు. రక్తం రిపోర్టులు తెరుచుకోవడం లేదు. ఆపరేషన్లకి పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చోబెట్టినవాళ్లు బెంచీల మీద అలాగే ఉన్నారు. కొందర్ని ఇంటికి పొమ్మంటున్నారు.

రెండోలైను బస్సు కోసం కూడా ఆగలేదు. ఎవరిదో బండి అడిగి వానలో పడిపోయాడు.

గేటుకి తాళం ఉంది. తాళంచెవులు అన్నిటికీ రెండు జతలు పెట్టుకునే మనిషి దగ్గర ఆ గేటు తాళంచెవి లేదు. గోతి పక్కన నిలబడి తడుస్తూ చూశాడు. మట్టిలోంచి తెగిన తీగ నల్లగా, కొస చీలిపోయి పైకి వచ్చి ఉంది. దాన్ని కన్న బిడ్డలా కాపాడుకోవాల్సిన వృత్తి తనది. అది తెగాలని ఇన్నాళ్లూ ఎదురుచూశాడు.

మధ్యాహ్నం దాటాక వీధి మలుపులో ఒక గొడుగు కనపడింది. ఒక్క గొడుగు కింద అక్కా బావా. అక్క చేతిలో సంచి. తమ్ముణ్ణి చూసి అక్క నవ్వబోయి ఆగిపోయింది. బావ మొహం చూసీ చూడగానే అర్థం చేసుకున్నాడు. గొడుగు అక్క చేతిలో పెట్టి, ఆ వయసులో ఆ గోతుల మీద చెక్కల మీంచి పరిగెత్తాడు. తాళం తీసి, చెప్పులు విప్పడం మర్చిపోకుండా విప్పి, లోపలికి వెళ్లి సోమరిది బటన్ నొక్కి పట్టుకున్నాడు. ఫ్యాన్లు తిరిగాయి. గోడ గురకలో దాని గొంతూ కలిసింది.

"అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లాంరా," అంది అక్క వెనకనుంచి. "వానలు తగ్గాక ఎలాగూ ఖాళీ చెయ్యాలి కదా. ఫోన్లు రెండూ నా సంచిలోనే ఉన్నాయి. బస్సు గోలలో వినపడలేదు."

బావ గోడకి చేరగిలబడ్డాడు. స్వెట్టరులోంచి నీళ్లు కారుతున్నాయి. "నాదే తప్పు. నా బుద్ధి గడ్డి తింది. ఇన్నేళ్లు కదలనివాణ్ణి, ఇంకొన్నాళ్లు కదలకుండా ఉండలేకపోయానా?" అని, తలెత్తి ఇతని వైపు చూశాడు. "మరి నీ రెండో లైను ఏమైందిరా?"

"చూస్తున్నా బావా," అన్నాడు ఇతను. పెట్టె ముందు కూర్చున్నాడు. టిక్కు లేని గడి తెర మీద కనపడుతోంది. వీపు బావ వైపు తిప్పి, అది చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు మేడమ్ పిలిచింది. బల్ల మీద ఒక కాగితం ఉంది.

"పెద్దసారు ఇలా రాయమంటున్నారు. కాపరి చెప్పకుండా గది వదిలేసి పోవడం వల్ల ఆలస్యం జరిగింది, అని."

ఆ మాట కాగితం మీదకి ఎక్కితే బావ పని అయిపోయినట్టే. ఈ గది ఎలాగూ పోయింది. ఇంకోచోట గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే పని కూడా ఎవరూ ఇవ్వరు. వదిలేసి పోయినవాడని ముందే చెప్పేస్తారు.

"ఆయన వదిలేసి పోయే మనిషి కాదు మేడమ్."

"తెలుసు. నాకు తెలియనిది ఇంకోటుంది." ఆమె తన స్క్రీను ఇతని వైపు తిప్పింది. "పలకరింపు గడిలో టిక్కు లేదు. మీరు చేసిన గదులన్నీ చూశాను. అన్నిట్లో ఉంది. ఈ ఒక్కదాంట్లోనే లేదు. మర్చిపోయారా?"

అడిగి ఊరుకుంది. తలుపు తెరిచి పెట్టినట్టే అడిగింది. ‘అవును’ అంటే సరిపోతుంది. పని ఒత్తిడి, మర్చిపోయాడు, నాలుగు చివాట్లు, అంతటితో సరి. కానీ అలా అంటే, మర్చిపోయినవాడి తప్పు చిన్నదై, వదిలేసి పోయినవాడి తప్పు పెద్దదిగా మిగిలిపోతుంది. బావ మొహం, గోడకి చేరగిలబడి ‘నాదే తప్పు’ అన్న మొహం కళ్లముందు కదిలింది.

"మర్చిపోలేదు మేడమ్. కావాలనే పెట్టలేదు. లైను పోయినప్పుడు మారకపోతే మనిషిని ఉంచుతామన్నారు కదా."

మేడమ్ స్క్రీను మళ్లీ తన వైపు తిప్పుకుంది.

"ఆయనకి తెలుసా?"

"తెలియదు. పనిచేస్తుందని చెప్పాను. ఆ మాట మీరూ విన్నారు. అది నమ్మే ఆయన గేటు దాటాడు."

"బెంచీల మీద కూర్చున్నవాళ్ల గురించి ఆలోచించారా?"

"లేదు మేడమ్."

అక్కడ అబద్ధం చెప్పినా నడిచేదే. చెప్పబుద్ధి కాలేదు.

ఆమె ఆ కాగితం తీసి చింపింది. వేరే కాగితం తీసుకుంది. "మీ సంచీ, పనిముట్లు స్టోరులో ఇచ్చెయ్యండి. ఇకనుంచి మీరు గదులకి వెళ్లరు. స్క్రీను ముందు కూర్చోండి. మీ బావగారి మీద మాట రాకుండా నేను చూస్తాను. పోస్టు మాత్రం నిలబడదు. ఆ మాట ఆయనకి మీరే చెప్పాలి. టిక్కు సంగతీ, పోస్టు సంగతీ, రెండూ మీరే చెప్పాలి."

ఆ ఆదివారం బావ దగ్గరికి వెళ్లి, మేడమ్ రాసిన కాగితం చేతికిచ్చి, రెండూ చెప్పాడు. అక్క అప్పటికే గిన్నెలు పాత చీరల్లో చుట్టి పెడుతోంది. అంతా విన్నాక అక్క చేతిలో గిన్నె అలాగే పట్టుకుని కూర్చుంది. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

"నా కోసమే చేశావు. అంతేనా?"

"అంతే బావా."

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేను గేటు దాటేవాడినా?"

"చెబితే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు. అందుకే చెప్పాల్సింది."

బావ గురక పెట్టే గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"నేను చదువుకోలేదు," అన్నాడు. "ఈ గదిలో ఏం జరుగుతుందో నాకు సగం కూడా తెలియదు. కానీ నేనున్నన్నాళ్లూ ఫోన్ మోగితే ఎత్తాను. ఒక్కసారి ఎత్తలేదు. అది నీ మాట నమ్మి. ఇప్పుడు నా పేరు మీద మచ్చ లేదని నువ్వు కాగితం తెచ్చావు. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లకి ఏ కాగితం చూపిస్తావు?"

ఇతను లేచి నిలబడ్డాడు. అక్క గిన్నె చుట్టడం మళ్లీ మొదలుపెట్టింది. భోజనం చేసి పొమ్మంది. బావ అనలేదు.

చివరి టెస్టు వానలు వెలిశాక జరిగింది. ఈసారి పెట్టె వెనక తీగ పీకడం కాదు. మేడమ్ పద్ధతి మార్చింది. బయట గేటు గోడ మీద ఉన్న లైను డబ్బా తెరిచి, అక్కడ పీకాలి. అప్పుడు పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, దారి మాత్రం ఉండదు. పెట్టె మోసపోకుండా మారుతుందో లేదో అప్పుడే తేలుతుంది. అయితే పీకడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి. అక్కడున్న మనిషి బావ ఒక్కడే. సామాను పొద్దున్నే వెళ్లిపోయింది. గోడ డబ్బా తాళంచెవి, గది తాళంచెవి అప్పజెప్పడానికి ఆగాడు.

టిక్కు ముందే పెట్టి ఉంది. మేడమ్ తన చేత్తో పెట్టింది. రెండోలైను ఆఫీసులో స్క్రీను ముందు కూర్చుని ఫోన్ చేశాడు. మేడమ్ వెనక నిలబడింది.

"బావా. నేనే."

"చెప్పండి."

ఇన్నేళ్లలో బావ అతన్ని ‘అండీ’ అనలేదు. పెళ్లిపీటల మీద కూర్చోబెట్టినప్పుడు కూడా ‘ఒరేయ్, మెడ వంచు’ అన్నాడు.

"డబ్బా తెరిచావా?"

"తెరిచాను. పీకెయ్యమంటారా?"

"పీకు బావా."

కాసేపు గాలి మోత. "పీకాను. చూసుకోండి."

స్క్రీను మీద గది గుర్తు ఎర్రబడింది. అలాగే ఉంది. రెండోలైనుకి రాకూడదని ఒక మనసు, రావాలని ఒక మనసు. రెండిటిలో ఏది నిజంగా తనదో అతనికే తెలియలేదు. అంత దూరాన, ఆ చలిగదిలో, పెట్టె ఆఫీసుని పలకరిస్తోంది. ఉన్నావా? జవాబు లేదు. ఉన్నావా? లేదు. ఉన్నావా?

గుర్తు పచ్చబడింది. మెట్ల మలుపులో, బావ మేకులు కొట్టిన కిటికీ దగ్గర యాంటెనా మీదుగా, పెట్టె వచ్చి పలికింది.

"వచ్చిందా?" అన్నాడు బావ.

రెండోలైను పచ్చ గుర్తునే చూస్తున్నాడు. మేడమ్ వెనక కాగితం మీద ఏదో రాసుకుంటోంది.

"వచ్చిందా, రాలేదా? ఎండలో నిలబడ్డాను."

"వచ్చింది బావా."

"మళ్లీ తగిలించెయ్యనా?"

"తగిలించెయ్యి."

"సరే. తాళంచెవులు మీ వాళ్లు చెప్పినట్టే ఎదురు కొట్లో ఇచ్చి పోతాను. లోపల ఒకసారి చూసి తలుపేస్తాను."

"బావా, నేను సాయంత్రం ఇంటికొస్తా. కొత్తింటికి. అక్కతో..."

ఫోన్ అప్పటికే పెట్టేశాడు.

మేడమ్ వెళ్లిపోయింది. రెండోలైను కదలకుండా స్క్రీను చూస్తూ కూర్చున్నాడు. పెట్టె పంపే సంగతులు ఒక్కొక్కటీ తెర మీద వరసగా పడుతుంటాయి. చూడక్కర్లేనివి, ఎవరూ చూడనివి.

తలుపు తెరిచి ఉంది.

గదిలో వేడి కొంచెం పెరిగింది. తలుపు తెరిస్తే అంతే, బయటి గాలి వస్తుంది. మనిషి ఒంటి వేడి కూడా కలుస్తుంది. ఇప్పుడు ఏడుపుగొట్టుదాని వెనక అరచెయ్యి పెట్టి ఉంటాడు. ఇప్పుడు సోమరిదాని దగ్గరికి వచ్చి ఉంటాడు. స్వెట్టరు కొక్కేనికి ఉందో, తీసుకుపోయాడో. ఎంతసేపున్నాడో ఇతను లెక్కపెట్టలేదు. తెర మీద కొత్త మాట ఏదీ పడకూడదని మాత్రం అనుకున్నాడు.

పడింది.

తలుపు మూసి ఉంది.

వేడి మెల్లగా దిగడం మొదలుపెట్టింది. దిగి, ఎక్కడుండాలో అక్కడ ఆగింది. లైను బాగుంది. రెండో లైనూ బాగుంది. రెండోలైను ఫోన్ తీసి అక్క నంబరు నొక్కాడు. మోగింది. మోగి మోగి ఆగింది.